చుక్క తర్వాత తోకకు ధర కట్టిన రోజులు

ఈ మధ్య ఒక పెళ్ళి విందులో, ఇంటర్నెట్ పేర్లు కొని అమ్మే వ్యాపారంలోకి కొత్తగా దిగిన ఇద్దరు పిల్లల్ని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. "ఈ మేడమ్ మీరు పలక పట్టకముందే పటాన్‌చెరులో ఈ పని చేసింది" అని నా గురించి కాస్త ఎక్కువే చెప్పారు. పిల్లలు నా ఆరోగ్యం అడగలేదు. ఆ రోజుల్లో కరెంటు ఉండేదా అని కూడా అడగలేదు. అడిగిన మొదటి మాట, "ఏ దేశం తోకకు రీసేల్ బాగుంటుంది మేడమ్?" నేను జవాబు మొదలుపెట్టాను. నా ప్లేటులో బగారన్నం చల్లారిపోయింది గాని జవాబు పూర్తి కాలేదు. అక్కడ మిగిలిపోయింది ఇక్కడ రాస్తున్నాను.

తోక అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. ఇంటర్నెట్‌లో ఏ పేరుకైనా చివర ఒక చుక్క, ఆ చుక్క తర్వాత ఒక చిన్న ముక్క ఉంటుంది. డాట్ కామ్ అందరికీ తెలిసిందే. అది కాక ప్రతి దేశానికీ రెండక్షరాల ముక్క ఒకటి కేటాయించారు. మనకు ఇన్, జర్మనీకి డీఈ, అమెరికాకు యూఎస్. ఆ ముక్కనే మేము తోక అనేవాళ్ళం. పేరు అదే అయినా తోక మారితే ధర మారిపోతుంది. బర్రెను కొనేవాడు ముందు పొదుగు చూస్తాడు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ముందు తోక చూసేవాళ్ళు.

టైపు మిషన్ నుంచి తోకల దాకా

మాది సంగారెడ్డి పక్కన పోతిరెడ్డిపల్లి. నాన్న చర్చి బడిలో లెక్కల టీచరు. ఎనభైల చివర్లో నేను టైపు నేర్చుకుని, కొన్నాళ్ళు టైపు నేర్పి, తర్వాత కంప్యూటర్ మీద పెళ్ళిపత్రికలూ ఫ్యాక్టరీల కొటేషన్లూ కొట్టి, తొంభైల చివరికి పటాన్‌చెరు మెయిన్ రోడ్డు మీద ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో మేనేజరుగా చేరాను. మేనేజరు అంటే తాళం తీసేదీ నేనే, ఊడ్చేదీ నేనే. ఆఫీసు మొదటి అంతస్తులో ఉండేది. ఎక్కే మెట్లలో ఒకటి సగానికి విరిగిపోయింది. దాన్ని బాగు చేయించమని బిల్డింగ్ ఓనరుతో పోట్లాడటం నా ఉద్యోగంలో ఒక భాగం. ఆయనకు కిరాయి తారీఖు గుర్తుండేది గాని మెట్టు గుర్తుండేది కాదు.

సెంటర్ యజమాని వాసుదేవ్ సార్. ఈ బెల్టులో ఇన్ని ఫ్యాక్టరీలున్నాయి, మందులవి, పంపులవి, బోల్టులవి. ఇవాళ కాకపోతే రేపు ప్రతివాడికీ ఇంటర్నెట్‌లో ఒక పేరు కావాలి. లేనివాడికి మనం తీసిపెడదాం, ఎవరి దగ్గరో ఉంటే కొనిపెడదాం, వద్దనుకున్నవాడిది అమ్మిపెడదాం. ఇదీ ఆయన ఆలోచన. మంచి ఆలోచనే.

అట్లా పేరు కోసం వచ్చిన మొదటివాళ్ళలో బాల్‌రెడ్డన్న ఒకడు. వెలిమెల మనిషి. ఉన్న పొలమంతా ఫ్యాక్టరీ కిందికి పోతే, ఆ ఫ్యాక్టరీల యంత్రాలనే సర్ది పంపే చెక్కపెట్టెలు చేసే చిన్న యూనిట్ పెట్టుకున్నాడు. తెల్లచొక్కా, చొక్కా నిండా రంపపు పొట్టు. విరిగిన మెట్టును తిట్టుకుంటూ పైకొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం పేరు తియ్యాలె అన్నా?" అన్నాను.

ఆయన మీసం సవరించుకున్నాడు. టేబుల్ మీది పెన్ను తీసి చూసి మళ్ళీ అక్కడే పెట్టాడు. "ఇంకేం పేరు, మా యూనిట్ పేరే."

"గదే, ఏం పేరు?"

"జెర ఇటు రాండ్రి" అని లేచి కిటికీ దగ్గరికి పోయాడు. కింద రోడ్డు మీద ఆయన ట్రాలీ ఆగి ఉంది. దాని నిండా చెక్కపెట్టెలు. "గా పెట్టె మీద నల్లరంగుతోని రాసుంది, సూడుండ్రి."

చదివాను. రత్నమాల ప్యాకింగ్ వర్క్స్.

"రత్నమాల ఎవరన్నా?"

"మా ఇంటామె" అన్నాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు.

మా వైపు ఆ తరంలో ఆలుమగలు ఒకరి పేరొకరు పలకరు. ఆడవాళ్ళ సంగతి అందరూ చెప్తారు గాని మగవాళ్ళూ తక్కువేం కాదు. "ఇగో", "ఇంటున్నవా", పిల్లలు పుట్టాక "పిల్లల తల్లీ". పలికితే ఏదో కీడు జరుగుతుందని కాదు. నలుగురిలో పలకడానికి సిగ్గు, నలుగురూ లేనప్పుడు అలవాటు లేదు. "నోట్లకెళ్ళి రాని పేరు యూనిట్‌కెందుకు పెట్టినవన్నా?" అని ఆటపట్టించాను.

"నోటికి రాదు గదమ్మా. గందుకే పెట్టెల మీద రాపిచ్చిన" అన్నాడు.

అప్పుడు నవ్వాను. ఆయన వెళ్ళిపోయాక నవ్వు ఆగిపోయింది. ఇంట్లో పిలవలేని పేరును ఆ మనిషి లారీలెక్కించి, ఓడలెక్కించి దేశాలకు పంపుతున్నాడు. నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది ఆ రోజే. నాకొక అన్న ఉంటే ఇట్లాగే ఉండాలనుకున్నాను.

రత్నమాల డాట్ కామ్ అప్పటికే ఎవరో తీసేసుకున్నారు. ఉత్త డాట్ ఇన్ ఆ రోజుల్లో మామూలు జనానికి దొరికేది కాదు. కో డాట్ ఇన్ అని పొడుగు తోక ఒకటి ఉండేది, దానికి యూనిట్ కాగితాలు చూపించాలి. చూపించి అదే తీశాం. బాల్‌రెడ్డన్నకు ఈమెయిల్ లేదు. అప్పట్లో మా వైపు చాలామందికి లేదు. అందుకని అందరి పేర్లలాగే ఆయనదీ మా ఆఫీసు ఖాతాలోనే పెట్టాం.

సార్‌కు దీవుల పిచ్చి

వాసుదేవ్ సార్ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మంచి మనిషి. జీతం ఎన్నడూ ఆలస్యం చేయలేదు. కోప్పడితే కాసేపటికి తనే టీ తెప్పించేవారు. కానీ ఆయనకు దీవులంటే పిచ్చి. సముద్రం మధ్యలో ఎక్కడో ఉండే చిట్టి దేశాల తోకలు. తువాలు అనే దేశానికి దక్కిన తోక టీవీ. సమోవాకు డబ్ల్యూఎస్. కోకోస్ దీవులకు సీసీ.

"టీవీ అంటే ప్రపంచమంతా తెలిసిన మాట, సుగుణా! డబ్ల్యూఎస్ అంటే జనం వెబ్‌సైట్ అనుకుంటారు. డాట్ కామ్‌లో మంచి పేర్లన్నీ అయిపోయాయి. ఇక అందరూ ఇటు రావలసిందే" అనేవారు. గోడకు ప్రపంచపటం తగిలించి తోక కొన్న ప్రతి దీవి మీదా ఎర్రపిన్ను గుచ్చారు. కొన్ని దీవులు పిన్ను మొన కంటే చిన్నవి. గుచ్చాక దీవి కనబడేది కాదు.

మా బెల్టుకు పనికొస్తాయనుకున్న మాటలన్నీ, పంపులూ వాల్వులూ డ్రమ్ములూ, ఆ దీవుల తోకలతో తీసిపెట్టారు. ఫోన్లు చేసి అమ్మాల్సింది నేను. పంపుల ఫ్యాక్టరీలో సామాను కొనే మేనేజరుకు సమోవా గొప్పతనం వివరిస్తుంటే, అటునుంచి ఆయన చివరిదాకా విని, "అంతా మంచిగుంది మేడమ్, గని మా పంపులు సమోవాల ఎవరు కొంటరు?" అనేవాడు. అది నాకూ తెలియదు.

టీవీ తోకకు తర్వాత నిజంగానే గిరాకీ వచ్చింది. ఆ విషయంలో సార్ చూపు తప్పు కాదు. అయితే ఆ గిరాకీ వీడియోలూ ఛానెళ్ళూ నడిపేవాళ్ళ దగ్గర. ఇనుప డ్రమ్ముల పేరుకు టీవీ తోక తగిలిస్తే ఎవరికి కావాలి? మంచి గుర్రాన్ని తెచ్చి అరకకు కట్టారు మా సార్. మిగతా దీవులు ఏడాదికోసారి డబ్బు మింగుతూ కూర్చున్నాయి. ఒక్కొక్క పేరూ వదిలేసినప్పుడల్లా సార్ లేచి ఒక్కొక్క పిన్ను పీకేవారు. పటం నిండా చిన్న చిన్న చిల్లులు మిగిలాయి.

ఒకరోజు పటం తీసేద్దామా అని అడిగాను. "ఉండనీ సుగుణా" అన్నారు. ఆయన పెరిగింది ఓడరేవు ఊళ్ళో అట. వచ్చే ఓడనూ పోయే ఓడనూ చూస్తూ పెద్దయ్యారట, ఒక్కదాన్నీ ఎక్కలేదు. ఆ తర్వాత దీవుల గురించి నేను ఎగతాళి మానేశాను. మీ బాసు మొండిగా ఏదైనా కొంటుంటే ముందు లెక్క చూపించండి. వినకపోతే ఆ మనిషి చిన్నతనం ఎక్కడ గడిచిందో కనుక్కోండి.

తోకకు ధర కట్టడం

ఇక పిల్లలు అడిగిన ప్రశ్న. దేశం ఎంత గొప్పదో చూసి తోకకు ధర కట్టకండి. ఆ దేశంవాళ్ళు తమ తోకను తాము వాడుకుంటున్నారా, అది చూడండి. జర్మనీవాళ్ళకు డీఈ కనబడితేనే ధైర్యం. అక్కడ సరుకు అమ్మాలనుకునేవాడు ఆ తోకతో పేరు వెతుక్కుంటూ వస్తాడు, అందుకే దానికి అమ్మకం ధర నిలబడింది. అమెరికా అంత సంపన్న దేశం గదా, యూఎస్ తోక ఇంకా పైకి పోతుందనుకున్నాం. పోలేదు. అక్కడివాళ్ళ కళ్ళు డాట్ కామ్ మీదే ఉన్నాయి. సొంతింటివాళ్ళు వాడని గది పక్కింటివాడు కిరాయికి తీసుకోడు.

ఆ తర్వాత షరతులు చూడండి. కొన్ని దేశాలు తమ గడ్డ మీద అడ్రసు ఉన్నవాడికే పేరిస్తాయి. అట్లాంటి పేరు ఎంత బాగున్నా కొనేవాళ్ళు కొద్దిమందే, మీరు అమ్మబోయినప్పుడు తెలుస్తుంది. మొదట్లో మన కో డాట్ ఇన్‌దీ అదే కథ. కాగితాలు చూపించగలిగినవాడికే పేరు, కాబట్టి మళ్ళీ అమ్ముదామంటే బేరగాడు దొరికేవాడు కాదు. ఇంకోవైపు, ఊరికే పంచిపెట్టిన తోకలు కూడా ఉండేవి. ఊరికే దొరికితే మోసగాళ్ళు ముందు చేరుతారు. వాళ్ళు చేరాక ఆ తోక చూస్తేనే జనం జంకేవాళ్ళు. మంచి పేరు తగిలించినా ఎవరూ కొనలేదు.

మా బెల్టువాళ్ళకు ఇదంతా చెప్పడం కష్టమూ సులువూ. రెండువేల సంవత్సరం దాటాక పటేల్‌గూడ నుంచి వెలిమెల దాకా ఇద్దరిలో ఒకడు ప్లాట్ల దళారీ అయిపోయాడు. పేరు గురించి చెప్తుంటే, "రోడ్డు బిట్టేనా? కార్నరా?" అని ప్లాటు గురించి అడిగినట్టే అడిగేవాళ్ళు. సరే, వాళ్ళ భాషలోనే చెప్పాను. డాట్ కామ్ హైవే మీది బిట్టు. సొంత దేశం తోక ఊరి మెయిన్ రోడ్డు మీది బిట్టు. కో డాట్ ఇన్ దాని వెనక గల్లీలోది. దీవుల తోక అంటే పక్క జిల్లాలో గుట్ట మీది ప్లాటు, ఫోటోలో బాగుంటుంది. ఇట్లా చెప్తే ఇట్టే అర్థమయ్యేది. కానీ ప్లాటు అనుకోవడంతో ఒక తప్పు కూడా చేసేవాళ్ళు. ప్లాటుకు నాలుగు మూలలా రాతి కడీలు పాతి ఏళ్ళ తరబడి మరిచిపోవచ్చు, ధర దానంతటదే పెరుగుతుంది. పేరుకు ఏటా డబ్బు కట్టాలి, మరిచిపోతే చేయి జారిపోతుంది. ఎంతమంది దళారీలు పేర్లు కొని, కడీలు పాతినట్టు నిశ్చింతగా ఇంటికి పోయి, మరుసటేడు వచ్చి నా మీద ఎగిరారో!

రెండువేల తర్వాత నాలుగైదేళ్ళకు మన ఉత్త ఇన్ తోకను అందరికీ తెరిచారు. తెరిచిన రోజునే నేను బాల్‌రెడ్డన్న కోసం రత్నమాల డాట్ ఇన్ తీశాను. "ఒకటుంది గద, ఇంకొకటెందుకమ్మా?" అన్నాడు. "అది గల్లీల బిట్టు అన్నా, ఇది రోడ్డు మీదిది" అన్నాను. "గట్లయితె తియ్యి. ఆమెకు రోడ్డు మీదిదే ఉండాలె" అన్నాడు.

నోటితో చెప్పాలి

మా ఆఫీసులో ఒక రూలుండేది. పేరు అమ్మేవాడు స్వయంగా వచ్చి, ఫోనులో, కొనేవాడు వినేటట్టు, ఏ పేరు అమ్ముతున్నాడో తన నోటితో చెప్పాలి. అదయ్యాకే మేము పేరు బదిలీ చేస్తాం. ఆ రూలు నేను పెట్టిందే. దానికో కారణం ఉంది.

అంతకుముందు సార్ ఒక మెయిలు చూసి ఒక బోల్టుల కంపెనీ పేరు అమ్మిపెట్టారు. మెయిలు పంపింది ఇద్దరు భాగస్తుల్లో ఒకడు. రెండోవాడికి ఆ సంగతే తెలియదు. తెలిశాక ఆయన వచ్చి మా ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఏడ్చాడు. అరిచి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. మా ఊళ్ళల్లో భూమి బేరమైతే పెద్దమనుషులు అమ్మేవాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని, "ఏ చెలక అమ్ముతున్నవు? ఇష్టంగనే అమ్ముతున్నవా? నలుగురు ఇనేటట్టు చెప్పు" అంటారు. చెప్పలేకపోతే బేరం ఆగిపోతుంది. అదే పద్ధతి మనం పెడదామన్నాను.

"సుగుణా, ఇది ఇంటర్నెట్టు, ఊరి పంచాయతీ కాదు" అన్నారు సార్.

"అమ్మేది ఊరోళ్ళే గద సార్" అన్నాను. సార్ నవ్వారు. రూలు నిలబడింది.

రంపం

ఇన్ తోక తీసిన కొన్నాళ్ళకు బాల్‌రెడ్డన్న యూనిట్‌లో పెద్ద రంపం మిషన్ పోయింది. ఒకసారి మోటారు, ఒకసారి బేరింగు, చివరికి మెకానిక్ చేతులెత్తేశాడు. కొత్తది కొనాల్సిందే. పెట్టెలు టైముకు రాకపోతే ఆర్డరు వేరేవాళ్ళకు ఇస్తామని యంత్రాల ఫ్యాక్టరీవాళ్ళు చెప్పేశారు. బీహార్ నుంచి వచ్చిన వడ్రంగులు పని లేక మూటలు సర్దుకుంటున్నారు. వాళ్ళు పోతే యూనిట్ మూతే. పొలం ముందే పోయింది కాబట్టి, యూనిట్ పోతే ఆయనకు ఇక చేతిలో ఏమీ ఉండదు.

సరిగ్గా అప్పుడే ముంబయి నుంచి ఫోను. ఒక నగల వ్యాపారి కొత్త దుకాణాలకు రత్నమాల అని పేరు పెట్టుకుంటున్నాడట. ఆ పేరు ఇన్ తోకతో కావాలి. ఆయన మనిషి చెప్పిన ధరకు కొత్త రంపం వచ్చి ఇంకా మిగులుతుంది. కో డాట్ ఇన్ తీసుకోండి, చవకగా ఇప్పిస్తానని నేను గట్టిగానే ప్రయత్నించాను. వాళ్ళు ససేమిరా అన్నారు. నగలు కొనేవాళ్ళు గల్లీలోకి రారు మరి.

"పేరు మన ఖాతాలోనే ఉంది కదా, ఇచ్చేసి బాల్‌రెడ్డికి డబ్బు పంపిద్దాం. ఆలస్యం చేస్తే ఆ నగలాయన వేరే పేరు పెట్టుకుంటాడు" అన్నారు సార్.

"అన్న నోటితోని చెప్పాలె సార్."

సార్ నా మొహం చూసి పటం వైపు తిరిగారు. ఖాతా మాది కాబట్టి పేరు మాది కాదు. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా తోకల సంగతులు ఎవరైనా చెప్తారు.

బాల్‌రెడ్డన్నకు కబురు పంపాను. వచ్చి అంతా విన్నాడు. "రంపం వస్తదా?" అన్నాడు.

"వస్తది."

"అమ్మినంక మల్ల తెచ్చుకోవస్తదా?"

"రాదన్నా. బోర్డు మీద పేరు ఉంటది, పెట్టెల మీద ఉంటది. గల్లీలది గూడ మనకే ఉంటది. రోడ్డు మీదిది పోతది."

చాలాసేపు రంపపు పొట్టు దులుపుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంట్ల తెల్వకుంట చేద్దామా సుగుణమ్మా?" అన్నాడు. ఆ మొహం చూస్తే జాలేసింది. దొంగతనం చేయబోయేవాడి మొహం కాదు, ఇంట్లోంచి ఏదో పోగొట్టుకున్నవాడి మొహం.

"వదినకు చెప్పకుంట నేను ఫోన్ కలపను" అన్నాను.

అట్లాంటి రూలు మా దగ్గర లేదు. అప్పటికప్పుడు నేను కల్పించింది. బేరం చేసేవాళ్ళు ఇట్లా చేయకూడదు, చేతికొచ్చిన గిరాకీ పోతుంది. తెలిసే చేశాను. మళ్ళీ అట్లాంటిది వస్తే మళ్ళీ చేస్తాను.

ఆ మధ్యాహ్నం

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. ఇన్నేళ్ళూ ఆ పేరు టైపు చేశాను, ఏటా దానికి డబ్బు కట్టాను, మనిషిని చూడటం అదే మొదటిసారి. పొడగరి. బట్టసంచి చేతిలో పట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని వచ్చింది. "ఏం మెట్లమ్మ ఇవి, పానం పోయేటట్టుంది" అన్నది లోపలికి వస్తూనే. నాకు చాలా నచ్చింది.

సంగతంతా చెప్పాను. రోడ్డు మీది బిట్టు, గల్లీలో బిట్టు అన్నీ చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "అంటే రోడ్డు మీదిది అడుగుతుండ్రు, లోపటిది మనకుంటది, అంతే గద" అన్నది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది. "ఇచ్చెంత్రం సూడు సుగుణా. ఈయన నోట ఎన్నడు రాని పేరు. ఎక్కడోళ్ళో పైసలు పెట్టి కొనుక్కుంటరట."

నవ్వుతూనే అన్నది. కానీ ఆ మాటలో ఇన్నేళ్ళ కొరత ఉందని నాకు తెలిసింది. బాల్‌రెడ్డన్నకూ తెలిసింది. ఆయన తల వంచుకున్నాడు.

"మీరేమంటరు వదినా?" అన్నాను.

"నేననేదేముంది. ఆయన పెట్టిండు, ఆయన అమ్ముతడు" అన్నది. అని సంచి ఒళ్ళో పెట్టుకుని గోడ మీది పటం చూస్తూ కూర్చుంది.

ముంబయికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను. రూలు సంగతి అటువైపు మనిషికి ముందే చెప్పి ఉంచాను. "బోలియే సాబ్" అన్నాడు అతను హుషారుగా. "కౌన్‌సా నామ్ బేచ్ రహే హై?" ఏ పేరు అమ్ముతున్నారని.

బాల్‌రెడ్డన్న అలవాటుకొద్దీ కిటికీ వైపు చూశాడు. కింద ట్రాలీ లేదు. రంపం లేక పెట్టెలు లేవు, పెట్టెలు లేక ట్రాలీ రాలేదు. చూపించడానికి ఏమీ లేదు. గొంతు సవరించుకున్నాడు. నా వైపు చూశాడు, నువ్వు చెప్పమ్మా అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను.

"హలో? సాబ్?"

"రత్నమాల" అన్నాడు.

పెద్దగా ఏమీ అనలేదు, మామూలుగా ఒక మాట పలికినట్టే పలికాడు. కానీ పటం చూస్తున్న ఆమె అట్లాగే ఉండిపోయింది. సంచి పిడి మీద చేతివేళ్ళు బిగుసుకున్నాయి.

"అచ్ఛా. తో ఆప్ రత్నమాల కో బేచ్ రహే హై?"

రత్నమాలను అమ్ముతున్నారా అన్న ఆ మాట వినగానే బాల్‌రెడ్డన్న కుర్చీలోంచి లేచాడు. "నై" అన్నాడు. "నై బేచ్నా. బంద్ జెయ్యి సుగుణమ్మా. గట్ల అడుగుతడేంది వాడు! రంపం పోతె పోయింది, కూలికి పోత. అమ్మేది లేదు."

నేను ముంబయి మనిషికి ఒక్క నిమిషం ఆగమని చెప్పి స్పీకర్ మూశాను. రత్నమాల వదిన మెల్లగా ఇటు తిరిగింది.

"ఇంగోపారి అను" అన్నది.

"ఏంది?"

"గిప్పుడు అన్నవు గద. గది."

ఆయన నన్ను చూశాడు. నేను లేచి పోయి ప్రింటర్‌లో కాగితాలు సర్దడం మొదలుపెట్టాను. అందులో కాగితాలు లేవు.

"రత్నమాల" అన్నాడు వెనక నుంచి. ఈసారి ఫోనుకు కాదు.

నేను తిరిగి చూసేసరికి ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వుతోంది. ఏడుస్తోందనాలో నవ్వుతోందనాలో తెలియని మొహం. నాకు కూడా కళ్ళు నిండాయి, చెప్పుకోవడానికి సిగ్గెందుకు. "ఇగ అమ్ము" అన్నది ఆయనతో. "నాకు రావల్సింది వచ్చింది. వాళ్ళకు కావల్సింది వాళ్ళు కొనుక్కుంటరు. పొయ్యి రంపం తెచ్చుకో."

"నిజంగనే అంటున్నవా?"

"మనసార అంటున్న. నా పేరు గా నగలోళ్ళ దగ్గరెందుకుంటది? గిప్పటికెళ్ళి నీ నోట్ల ఉండాలె."

స్పీకర్ తెరిచాను. బాల్‌రెడ్డన్న ఆ పేరును ముంబయి మనిషికి ఇంకోసారి, ఇష్టంగానే అమ్ముతున్నానని, స్పష్టంగా చెప్పాడు. ఈసారి ఆగలేదు. బేరం ముగిసింది. లోపలి గదిలోంచి వాసుదేవ్ సార్ కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి, ఎవరూ అడగకుండానే టీ చెప్పడానికి తానే కిందికి వెళ్ళారు. అన్నీ విన్నారని తెలుస్తూనే ఉంది.

నేను ఇంతకాలంలో ఎన్నో తోకలకు ధర కట్టాను. కొన్ని సరిగా కట్టాను, కొన్ని తప్పాను. ఈ ఒక్క పేరుకు ధర కట్టింది మాత్రం నేను కాదు. అందుకే ఆ పెళ్ళి విందులో పిల్లలకు జవాబు పూర్తిగా చెప్పలేకపోయాను.

టీ తాగి ఇద్దరూ లేచారు. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపి, నేను తిరిగి కుర్చీలో కూర్చున్నాను. ఆమె ముందు దిగుతోంది, ఆయన వెనక. చెప్పుల చప్పుడు వినబడుతోంది. మధ్యలో చప్పుడు ఆగింది. ఆ తర్వాత ఆయన గొంతు, కాస్త గట్టిగా, మెట్లన్నీ మారుమోగేటట్టు.

"రత్నమాలా! ఆ మెట్టు ఇరిగింది, సూసి దిగు."

ఆ మెట్టు బాగు చేయించమని అప్పటిదాకా బిల్డింగ్ ఓనరు వెంటపడేదాన్ని. ఆ రోజు నుంచి మానేశాను.